కుడి పక్కన కూర్చున్నవాళ్ళు

నవ్వు ఎటువైపు నుంచి వచ్చిందో వజ్దీకి తెలియలేదు. ఎదురు సీట్ల నుంచి కావచ్చు, తెరిచిన తలుపు దగ్గర గాలి కోసం వేలాడుతున్న గుంపులోంచి కావచ్చు, తన వీపు వెనక నుంచే కావచ్చు. ఒంటి చెవితో వినేవాడికి శబ్దం వస్తుంది గానీ ఏ దిక్కు నుంచి వచ్చిందో అంతు చిక్కదు. అందుకని ఎవరో ఒకరు నవ్వితే చాలు, రైలుపెట్టె మొత్తం నవ్వినట్టే ఉంటుంది. టోపీ అంచు కళ్ళ మీదికి లాక్కున్నాడు. తునిస్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న మర్సాకి పోయే ఈ బండిలో చిన్నప్పటి నుంచీ తిరుగుతూనే ఉన్నాడు, ఎప్పుడూ ముఖం దాచుకోవాలనిపించలేదు. నిజానికి ఒకప్పుడు ఎవరైనా గుర్తుపడతారేమోనని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నేను మీకు తెలుసు కదా అన్నట్టు అటూ ఇటూ చూసిన రోజులున్నాయి. తలుచుకుంటే అదీ సిగ్గుగానే ఉంది ఇప్పుడు. టాక్సీ ఎక్కుదామంటే టాక్సీవాళ్ళు మాట్లాడతారు. నిన్న మధ్యాహ్నం జరిగినదాని వీడియో ఈపాటికి టాక్సీ తోలే ప్రతివాడి ఫోనులోనూ ఉండి ఉంటుంది.

ఇక్కడా ఉంది. ధప్, ధప్, ధప్, ధప్. మొదటి దెబ్బలకే పోల్చుకున్నాడు, తన పాట తనకి తెలియదా, ఆ బేస్ కోసం చలికాలమంతా కూర్చున్నాడు. దాని మీద తన గొంతే. "మర్సా, చేతులు! చేతులెత్తండి!" ఆ వెంటనే ఆడపిల్లల మాటలు.

"ఒసే, మళ్ళీ పెట్టవే. జనం ఆయన కంటే ముందే చెయ్యెత్తేస్తారు చూడు, అక్కడ."

"పాపం వే. పెద్దాయన."

"పాపమేంటి? మా అన్న టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాడు. ఎండలో నిలబడి పెన్ డ్రైవ్‌ని చూసొచ్చాడు."

పెద్దాయన. నలభై దాటి ఎన్నాళ్ళయిందని? కానీ మిగతాదంతా నిజం. నవ్‌రస్ క్లబ్బు, ఇసుక మీద చెక్క వేదిక, ఎదురుగా సముద్రం, డీజే బల్ల వెనక నిలబడి మీటలు తిప్పుతున్న తను. తిప్పుతున్నట్టు కనిపిస్తున్న తను. అక్కడ ఏ పాటా కలపడం లేదు. సంగీతమంతా ఇంట్లో కూర్చుని ముందే కలిపి, ఒకే ముక్కగా పెన్ డ్రైవ్‌లో పెట్టుకొచ్చాడు, జనాన్ని పలకరించే కేకలతో సహా. ఆ కేకలు వంటింట్లో రికార్డు చేశాడు, గోడలు గొంతుని తిప్పికొట్టకుండా తల మీద దుప్పటి కప్పుకుని. దుప్పటి కింద చెమటలు కారుతూ, ఎవరూ లేని వంటింట్లో, మర్సా, చేతులు అని అరిచాడు. కింది అంతస్తు ఆవిడ తలుపు కొట్టింది, ఏమైందని. ఏం లేదు ఖాలా, ఫోన్లో మాట్లాడుతున్నా అన్నాడు. అదిగో, అక్కడే ఆగిపోవాల్సింది. ఆగలేదు. నిన్న పాట మంచి ఊపులో ఉండగా కరెంటు పోయింది, అంతా చప్పబడిపోయాక కూడా అతని వేళ్ళు ఒక మీటని తిప్పుతూనే ఉన్నాయి, ముందు వరుసవాళ్ళు అది చూశారు. పోనీ, అలవాటుపడ్డ చేతులు, ఎవరికైనా జరుగుతుంది. కరెంటు వచ్చింది. జనం ఈలలు వేస్తున్నారు. పెన్ డ్రైవ్‌లో ఉన్నది ఒకే ఒక్కటి. మైకు తీసుకుని, వేడికి మిషన్లు చెడిపోయాయి, క్షమించండి అని దిగిపోయి ఉంటే సరిపోయేది. నొక్కాడు. మొదటి నుంచి మొదలైంది. అదే ధప్ ధప్, అదే వరస, అదే దుప్పటి కింది గొంతు, మైకేమో బల్ల మీద పడుకుని ఉంది, అతని నోరు మూసుకుని ఉంది. ఇద్దరు ముగ్గురికి అర్థమైంది, తర్వాత అందరికీ. అతను చెయ్యెత్తేలోపే వాళ్ళెత్తారు. అతను వంగేలోపే వాళ్ళు వంగారు. ఇందాక అతను చేసిన వేషాలన్నీ అతనికంటే ముందు చేసి చూపించారు, కోపంగా కాదు, ఆడుకుంటున్నట్టు, ముద్దుగా. కోపమొచ్చినా బాగుండేది. ఎవరైనా సీసా విసిరినా బాగుండేది. వంటగది గుండా పారిపోతుంటే చేపలు తోముతున్నవాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు, శవాన్ని మోసుకెళ్ళేవాళ్ళకి ఇచ్చినట్టు. సంచీ, హెడ్‌ఫోన్లు అక్కడే ఉండిపోయాయి. పొద్దున క్లబ్బు యజమాని మోయిజ్ మెసేజి పెట్టాడు. "నీ సామాను ఇక్కడే ఉంది అన్నా. సాయంత్రం దొర్సాఫ్ ప్రోగ్రాం ఉంది కదా, ఆలోపు వచ్చి పట్టుకెళ్ళు. వెనక వైపు నుంచి రా, ఏమనుకోకు." ఏమనుకోకు అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది.

కుడి పక్కన ఎవరో కదిలారు. బండి బయల్దేరేటప్పుడు ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది, ఒళ్ళో బుట్ట, బుట్ట మీద తడిగుడ్డ, దాని కిందనుంచి అంజూరపు పళ్ళ వాసన. ఆవిడ పెదవులు కదులుతున్నట్టు కంటికొసన తెలుస్తోంది. కుడి వైపు నుంచి అతనికి ఏదీ రాదు, అటువైపు ప్రపంచం గోడ కట్టేసినట్టు ఉంటుంది. ఏం చెయ్యాలో అతనికి బాగా తెలుసు. తల కాస్త ఊపి, నవ్వాడు. ఆ నవ్వు ఈ రెండేళ్ళలో తయారుచేసుకున్నది, ఏ మాటకైనా సరిపోయే నవ్వు, పెళ్ళికబురు చెప్పినా చెల్లుతుంది, ఎండ గురించి అన్నా చెల్లుతుంది. చావుకబురు చెప్పినవాడి ముందు కూడా ఒకసారి అలాగే నవ్వాడు. ఆ మనిషి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

బండి సరస్సు మధ్య గట్టు మీద పోతోంది, రెండు వైపులా తెల్లగా మెరిసే నీళ్ళు, బురద కంపు, దూరంగా రేవులో క్రేన్లు. అవే క్రేన్లు. చిన్నప్పుడు క్రామ్‌లో తమ డాబా మీద నిలబడితే ఆ ఇనుప చప్పుడు రాత్రనకా పగలనకా వినబడేది, అమ్మ దిండు చెవుల మీద పెట్టుకునేది, తను మాత్రం దానికి తాళం వేసేవాడు. వీధిలో పెళ్ళిళ్ళలో బ్యాండువాళ్ళు సిగరెట్లకి లేచినప్పుడు మధ్యలో క్యాసెట్లు వేసేవాడు, ఆ ఖాళీ నింపడమే ఉద్యోగం, కానీ ఒక పెళ్ళిలో బ్యాండువాళ్ళు తిరిగొచ్చాక జనం వాళ్ళని కూర్చోమన్నారు. అక్కడ మొదలైంది. తర్వాత హమ్మామెత్ హోటళ్ళు, ఎండకి ఎర్రబడ్డ యూరప్‌వాళ్ళకి ఈత కొలను పక్కన పాటలు, గొడుగులు మడిచే పని కూడా అతనిదే. అక్కడే ఎవరో జర్మన్ వదిలిపోయిన రికార్డులో మొదటిసారి విన్నాడు హౌస్ సంగీతాన్ని, గుండె కొట్టుకున్నట్టు ఒకే తాళం, దాని మీద ఎక్కడో దేవుణ్ణి పిలుస్తున్నట్టు ఒక నల్లజాతి ఆడగొంతు, అర్థం తెలియకపోయినా కళ్ళు తడిశాయి. సొంత పాటలు కట్టి, ఆ తాళం కింద రేవు క్రేన్ల మోత పెట్టాడు, ఈ బండి తలుపు మూసుకునేటప్పటి బుస్సుమనే చప్పుడు పెట్టాడు, అమ్మ రోట్లో మిరపకాయలు దంచే చప్పుడు పెట్టాడు. బెర్లిన్‌లో ఎవరో రికార్డు వేశారు. ఆ పాట ఒకటి లోకమంతా తిరిగింది, వెనకాలే తనూ తిరిగాడు, విమానాలు, ఫోటోలు, మెడలో కార్డులు. విలేకరులు క్రేన్ల మాట అడిగితే ముందు నవ్వుతూ చెప్పేవాడు, తర్వాత తర్వాత కళ్ళు మూసుకుని, ఏదో పెద్ద విషయంలాగా, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పేవాడు. అమ్మ టీవీలో చూసి అడిగింది, ఒంట్లో బాగోలేదా నాయనా అలా మాట్లాడుతున్నావు అని.

రెండు పాటలు కలపడమంటే ఏంటో యువకేంద్రంలో పిల్లలకి పాఠం చెప్పేవాడు. ఒక చెవి జనం వింటున్న పాటకి, ఇంకో చెవి హెడ్‌ఫోనులో జనం ఇంకా వినని పాటకి, రెండిటి నడకా ఒకటయ్యేదాకా వేళ్ళతో సవరించడం, అంతే పని, మిగతాదంతా అలంకారం. ఇప్పటి మిషన్లలో తెర మీద గీతలు కనిపిస్తాయి, కళ్ళతో చూసి కలిపెయ్యొచ్చు, మీట నొక్కితే మిషనే కలుపుతుంది. అలా కలిపినవాణ్ణి ఒకణ్ణి క్లాసులోంచి పంపేశాడు, అందరి ముందూ. ఇది చెవులున్నవాళ్ళ పని, నీకెందుకు అన్నాడు. ఆ మాట అన్న నోరు ఇదే. ఆ క్లాసులోనే దొర్సాఫ్ ఉండేది, ఫార్మసీ చదువుతూ సాయంత్రాలు వచ్చేది, మొదటి రోజే అతను సవరించిన పాటని ఆపి, ఇది ఇంకా కాస్త వెనకబడుతోంది మాస్టారూ అంది. నిజమే, వెనకబడుతోంది. ఇప్పుడు ఆమె బెర్లిన్‌లో పాటలు వేస్తుంది, బార్సిలోనాలో వేస్తుంది, సెలవులకి వచ్చినప్పుడు మర్సాలో. నిన్నటి నుంచి ఫోన్ చేస్తూనే ఉంది, అతను తియ్యడం లేదు. దేశమంతా చూసినా ఫరవాలేదు, దొర్సాఫ్ చూడకపోయి ఉంటే చాలనిపిస్తుంది.

చెవి ఒక వసంతకాలపు ఉదయం పోయింది. నిద్ర లేచేసరికి కుడి వైపు దూది కూరినట్టు ఉంది, దాని లోపల సన్నగా, ఆగకుండా, కుక్కర్ ఈల లాంటిది. చెవిలోకి నీళ్ళు పోయాయేమో అనుకున్నాడు. ఆ వారమంతా కచేరీలున్నాయి, అవి అయ్యాక వెళ్ళాడు. డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తి, ఇది మొదలైన రోజే రావాలి, ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు అంది. ఏం చేస్తున్నాడు? పాటలు వేస్తున్నాడు. ఒక చెవితో రెండు పాటలు వినాలని చూశాడు, హెడ్‌ఫోనులోకే రెండూ తెచ్చుకుని, కానీ ఆ ఈల అన్నిటి మధ్యలోకి వచ్చి కూర్చునేది. తెర మీద గీతలు ఉన్నాయి. క్లాసులోంచి పంపేసినవాడి ముఖం గుర్తొచ్చేది. ఒకసారి, మొదటిసారి, భద్రత కోసమని ఇంట్లో కలిపిన ముక్క ఒకటి జేబులో వేసుకెళ్ళాడు. అది మోగినప్పుడు ఎవరూ కనిపెట్టలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అసలు బాధ అదేనేమో, చప్పట్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

బండి కుదుపుతో ఆగింది. పంకాలు ఆగాయి. గట్టు మధ్యలో, నీళ్ళ మధ్యలో, స్టేషను ఏదీ లేనిచోట. "పైన తీగలో కరెంటు పోయింది" అన్నారెవరో, ఇంకెవరో రైల్వేవాళ్ళ తల్లుల్ని తలుచుకున్నారు. ఎండ రేకు మీద పడి పెట్టె పెనంలా కాగుతోంది. నిశ్శబ్దంలో ఆ ఆడపిల్లల ఫోనులో ధప్ ధప్ ఇంకా పెద్దదిగా వినబడింది. కుడి పక్కన ముసలావిడ మళ్ళీ ఏదో అంటోంది. నవ్వి తల ఊపాడు. ఇంకేదో అంది. ఊపాడు. అంతలో ఆవిడ ముఖం అతని ముఖానికి ఎదురుగా వచ్చింది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, గొంతు పెట్టెలో అందరికీ వినబడేంత లేచింది.

"చూశారా అమ్మా, చూశారా? ఇందాకట్నుంచి అడుగుతున్నా, ఆ కిటికీ కాస్త తెరువు నాయనా, గుండె దడగా ఉంది అని. నవ్వుతాడు! తల ఊపుతాడు, నవ్వుతాడు! పెద్దదాన్ని, నన్ను చూస్తే నవ్వులాటగా ఉందా?"

తలలు తిరిగాయి. ఒక మగవాడు లేచి అతని మీదుగా వంగి కిటికీ లాగాడు, లాగుతూ, "చదువుకున్నవాడిలా ఉన్నావు" అన్నాడు. టోపీ ఎప్పుడు జారిందో. ధప్ ధప్ ఆగింది. ఆడపిల్లల్లో ఒకతి రెండోదాన్ని మోచేత్తో పొడిచింది. "ఒసే, ఈయనే." "ఎవరు?" "ఈయనే వే." ఇప్పుడు లేవచ్చు, తలుపు తెరిచే ఉంది, గట్టు మీదికి దూకి నీళ్ళ వెంబడి నడిచి పోవచ్చు, నిన్న వంటగది గుండా పోయినట్టు. కాళ్ళు అప్పటికే ఆ పని మొదలుపెట్టాయి, మడమలు పైకి లేచాయి. కానీ ముసలావిడ పెదవులు నిజంగానే తెల్లబడ్డాయి, ఆవిడ గాలి అడిగింది, అతను నవ్వాడు. వీడియోలో లేనిది ఇది. ఇది ఎవరూ తియ్యలేదు.

"పెద్దమ్మా" అన్నాడు. ఆవిడ వైపు పూర్తిగా తిరిగాడు. మళ్ళీ అన్నాడు. "పెద్దమ్మా, నాకు ఈ చెవి వినపడదు. మీరు మాట్లాడింది ఏదీ వినపళ్ళేదు. వినపడినట్టు నవ్వాను. క్షమించండి."

అమ్మకి చెప్పలేదు, దొర్సాఫ్‌కి చెప్పలేదు, మోయిజ్‌కి చెప్పలేదు, రైలుపెట్టెకి చెప్పాడు. ముఖంలోకి వేడి కొట్టింది, చొక్కా మార్చుకుంటుంటే ఎవరో తలుపు తీసినట్టు. కిటికీ తెరిచిన మనిషి కూర్చోబోయి మళ్ళీ లేచాడు, ఏం చెయ్యాలో తెలియక. ఆడపిల్ల ఫోను తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది.

ముసలావిడ అతని చెవిని చూసింది, అక్కడేమైనా కనిపిస్తుందేమో అన్నట్టు. "ముందే చెప్పొచ్చుగా నాయనా, ఆ పక్కన కూర్చునేదాన్నిగా" అంది. అతన్ని తన చోటికి జరగమని, బుట్టతో సహా కిటికీ దగ్గరికి, అతనికి ఎడమ పక్కకి వచ్చి కూర్చుంది. కిటికీ నుంచి కాస్త గాలి వచ్చింది, ఉప్పగా. ఆవిడ బుట్టలోంచి నీళ్ళసీసా తీసి అతను మూత విప్పి ఇచ్చాడు. ఆవిడ తాగి, సర్దుకుని, పేరు చెప్పింది, మన్నూబియా, కూతురు ఖైరెద్దీన్‌లో ఉంటుందట, మూడో కానుపట. పుట్టుకతోనా అని అడిగింది. కాదు, ఈమధ్యే అన్నాడు. ఏం పని చేస్తావంది. సంగీతం అన్నాడు, ఆ మాట అంటుంటే దొంగసొత్తు పేరు చెబుతున్నట్టు ఉంది. ఆవిడ జాలి చూపించలేదు, ఆశ్చర్యమూ పోలేదు. బుట్ట మీద గుడ్డ సవరించుకుంది.

"మా ఆయన రేవులో బాయిలర్లు చేసేవాడు. ఇనుము మీద సుత్తి దెబ్బలకి రెండు చెవులూ పోయాయి. మాకు చెప్పలేదు. పిల్లలు బడి సంగతులు చెబితే నవ్వేవాడు, నేను సణిగితే నవ్వేవాడు, మా అత్త పోయినప్పుడు ఏడవాల్సినచోట కూడా కాస్త నవ్వాడు. ఎంత మంచి స్వభావం, ఎప్పుడూ సంతోషంగా ఉంటాడు అనేవాళ్ళం వీధిలో అందరం. పోయేముందు ఆసుపత్రిలో ఒకసారి అన్నాడు, మన్నూబియా, పిల్లల గొంతులు ఎలా ఉంటాయో మర్చిపోయాను అని." బుట్టని ఒళ్ళోకి లాక్కుంది. "నాకెంత కోపమొచ్చిందో. ఇప్పటికీ పోలేదు. గట్టిగా మాట్లాడమంటే మాట్లాడేవాళ్ళం కాదా?"

పంకాలు కదిలాయి. బండి కదిలింది. ఖైరెద్దీన్‌లో ఆవిడ దిగుతూ రెండు అంజూరాలు అతని చేతిలో పెట్టింది, వద్దనే వీలు లేకుండా. ఆడపిల్లలు క్రామ్‌లో దిగారు. వాళ్ళలో ఒకతి దాటిపోతూ ఏదో అంది, కుడి వైపు నుంచి. అతను తలెత్తి, "ఏమన్నావమ్మా?" అన్నాడు. "ఏం లేదండీ" అంది, ఎర్రబడి. తర్వాత కార్తేజ్, తర్వాత తెల్లగోడల మీద పూలతీగలు, కొండ, మళ్ళీ సముద్రం. అంజూరాలు అరచేతిలో వెచ్చగా చితుకుతున్నాయి. ఆవిడ కోపం గురించే ఆలోచిస్తున్నాడు. సిగ్గు తనది కాబట్టి నష్టమూ తనదే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కుడి పక్కన ఎంతమంది కూర్చుని ఉంటారు? ఎవరెవరు ఏమేం అడిగి ఉంటారు?

నవ్‌రస్‌లో జనం ఇంకా రాలేదు. కుర్చీలు వేస్తున్నారు. వేదిక మీద దొర్సాఫ్ మోకాళ్ళ మీద కూర్చుని తీగలు విడదీస్తోంది, జుట్టు పైకి చుట్టి పెన్సిలు గుచ్చింది. అతన్ని చూసింది, లేవలేదు. తన ఎడమ చెవి ఆమె వైపుకి వచ్చేలా నిలబడ్డాడు.

"ఫోన్ తీస్తే చచ్చిపోతారా మాస్టారూ?"

"దొర్సాఫ్, నాకు కుడి చెవి పోయింది. అందుకే ఆ పెన్ డ్రైవ్."

తీగ చుట్టడం ఆపలేదు. "ఎప్పుడు?"

"రెండేళ్ళవుతోంది."

"హమ్మామెత్‌కి ముందా, తర్వాతా?"

ఎందుకడిగిందో అర్థం కాలేదు. హమ్మామెత్ అంటే పోయిన వేసవిలో ఆమె మొదటి పెద్ద కచేరీ, సముద్రం ఒడ్డున రంగస్థలం, ఆమెని జనానికి పరిచయం చేసింది తనే. "ముందే" అన్నాడు.

తీగ ఆమె చేతిలోంచి జారింది. "ఆ రోజు వేదిక మెట్లెక్కేముందు మీ చెవిలో ఒక మాట చెప్పాను" అంది.

వెతుక్కున్నాడు. ఇనుప మెట్లు, ఎర్ర దీపం, భుజం మీద ఆమె చెయ్యి, జుట్టు వాసన చెంపకి తగిలేంత దగ్గరగా. మాట లేదు. మాట ఉండాల్సినచోట ఆ ఈల ఒక్కటే ఉంది. "ఏం చెప్పావు?"

"వదిలెయ్యండి."

"చెప్పు."

లేచి, అతని ఎడమ పక్కకి వచ్చి నిలబడింది. "చేతులు వణుకుతున్నాయి మాస్టారూ, నా వల్ల కాదేమో, పక్కనే ఉండండి, వెళ్ళకండి అన్నాను. మీరు నవ్వారు. భుజం తట్టి, కారెక్కి వెళ్ళిపోయారు." కింద పడ్డ తీగ తీసుకుంది. "అసూయ అనుకున్నాను. అందరికీ అలాగే చెప్పాను కూడా. బెర్లిన్‌లో చెప్పాను, ఇక్కడ చెప్పాను. నిన్న ఆ వీడియో చూసి, నిజం చెప్పనా, మంచి పని అయింది అనుకున్నాను. ఆ తర్వాత రాత్రంతా మీకు ఫోన్ చేస్తూ కూర్చున్నాను."

నిన్నటితో అడుగు తగిలిందనుకున్నాడు. దాని కింద ఇంకో అడుగు ఉంది, దాని మీద ఈ పిల్ల ఒంటరిగా నిలబడి ఉంది, చేతులు వణుకుతూ, మెట్ల మీద. ఏమైనా అనాలి. అన్న ప్రతి మాటా తనని కాచుకునే మాటే అవుతుందనిపించి, వంగి చిక్కుపడ్డ ఇంకో తీగ విడదియ్యడం మొదలుపెట్టాడు. ఇద్దరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి, చూసేవాళ్ళకి ఎండ అనిపిస్తుంది.

మోయిజ్ సంచీ పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఇదిగో, అన్నీ ఉన్నాయి. జనం వచ్చేస్తున్నారు మరి." గేటు తెరిచారు. ముందుగా వచ్చినవాళ్ళలో ఒకడు అతన్ని పోల్చుకున్నాడు, పక్కవాణ్ణి తట్టాడు, ఫోను లేచింది. అతను సంచీ అందుకుని బల్ల కింద పెట్టాడు. దొర్సాఫ్ హెడ్‌ఫోను ఒక చెవికి తొడుక్కుని రెండోది వదిలేసింది, మొదటి పాట పెట్టింది, రెండోదాని కోసం వేళ్ళు మీట మీద ఆనించింది. ఈసారి ఉండమని ఆమె అడగలేదు. వజ్దీ ఆమెకి కుడి పక్కన, తన ఎడమ చెవి ఆమె నోటికి అందేచోట, అందరికీ కనబడేలా నిలబడ్డాడు. ముఖం మండుతూనే ఉంది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతుల్ని ఊరికే కిందికి వదిలేశాడు.